ఎండాకాలంలో సంఘం సన్నబడితే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎండ గురించే. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చినవే ఎక్కువ. నేనుండేదీ కడపే, ముప్పై ఏళ్లుగా ఇక్కడి మే నెలల్లోనే సండే స్కూల్ పిల్లలతో కూర్చున్నదాన్ని, కాబట్టి మీరు రాసిన కష్టాలు చాలావరకు మా సంఘం కష్టాలే. ఉత్తరాలను కొంచెం కుదించి వేస్తున్నాం, పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది ఆదోని దగ్గర పల్లె. సంక్రాంతి దాటిందంటే మా సంఘంలో సగం ఇళ్లకు తాళాలు, సుగ్గికని గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. వాళ్లు తిరిగొచ్చే వేళకు ఇంకొందరు బెంగళూరు పనులకు, మిగతావాళ్లు పెళ్లిళ్లకూ పుట్టిళ్లకూ పోతారు. మే నెలలో ఆదివారం ఇరవైమందిమి కూడా ఉండం. రానివాళ్ల మీద కోపమంతా వచ్చినవాళ్ల మీద చూపిస్తారు. నా సంగతీ అంతే ఉంది. ప్రార్థనకు మోకరిస్తే నిద్ర, బైబిలు తెరిస్తే కళ్లు మూతలు పడతాయి. నేను చల్లారిపోయానా?

జవాబు: చెల్లీ, ముందు ఒక మాట అడుగుతాను. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావు? కరెంటు పోతే మిద్దె మీదికి, దోమలు కుడితే మళ్లీ కిందికి, తెల్లవారుజామున నాలుగింటికి నీళ్లు పట్టడానికి లేవడం. ఇలా నెలరోజులు గడిపిన మనిషికి మోకరించగానే నిద్ర వస్తే అది ఒంటి అలసట. దాన్ని పాపం లెక్కలో రాసుకోవద్దు.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీసి ఏలీయా సంగతి ఒకసారి నిదానంగా చదువు. ఎడారిలో ఒకరోజు దూరం నడిచి, ఇక నా ప్రాణం తీసుకో ప్రభువా అని చెట్టు కింద పడి నిద్రపోయాడు. దేవుని దూత వచ్చి ఏం చేశాడు? తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకున్నాడాయన. దూత రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు, ఎందుకంటే ముందు చాలా దూరం నడవాల్సి ఉంది. ఆ రెండుసార్లలో ఒక్క మందలింపు కూడా లేదు. "ఇక్కడ నీకేం పని" అన్న ప్రశ్న హోరేబు చేరాకే వచ్చింది. అన్నం, నిద్ర ముందు, ప్రశ్న తర్వాత. మన సంఘాల్లో ఇది తలకిందులైందని నాకు చాలాసార్లు బాధేస్తుంది.

రాత్రి ప్రార్థన కుదరకపోతే తెల్లవారుజామున మిద్దె మీద పక్క చుట్టే ముందు ఐదు నిమిషాలు కూర్చో. కీర్తనల్లో 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను యాత్ర కీర్తనలు పట్టుకో, రోజుకొకటి. 132 ఒక్కటే పెద్దది, దానికీ పద్దెనిమిది వచనాలే. అవి నడుస్తూ పాడుకున్నవి, కాళ్లు నొప్పిపెట్టినవాళ్ల పాటలు, ఈ కాలానికి సరిపోతాయి.

ఇక ఇరవైమందే ఉన్నామన్న దిగులు. పెంతెకొస్తు పండుగ ఏ సంవత్సరమైనా మే 10కీ జూన్ 13కీ మధ్యే వస్తుంది, అంటే సరిగ్గా మన నడి ఎండలకు. యేసు ఆరోహణమైన తర్వాత ఆ పండుగ దాకా యెరూషలేములో కనిపెట్టుకుని ఉన్నవాళ్లు దాదాపు నూట ఇరవైమంది అని అపొస్తలుల కార్యాల్లో ఉంది. తిరిగి లేచిన ప్రభువు ఐదువందలకు పైగా మందికి ఒకేసారి కనబడ్డాడని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. ఇంతమంది చూస్తే, మేడగదిలో ఇంతేమందా? కానీ పేతురు లేచి మిగతావాళ్లేరి అని వీళ్లను తిట్టినట్టు ఎక్కడా లేదు. ఉన్నవాళ్లతోనే ప్రార్థన నడిచింది.

మీ పల్లెలో చేలు ఇప్పుడెలా ఉన్నాయో చూసే ఉంటావు. పైరు లేదు, గట్ల మీద గడ్డి కూడా మాడిపోయింది. అయినా ఏప్రిల్, మే నెలల్లో ఒక వాన పడిందంటే రైతు ఊరుకోడు, వేసవి దుక్కి దున్నుతాడు. లోపలి మట్టి పైకొచ్చి ఎండుతుంది, పురుగుల గుడ్లు ఆ ఎండకు చస్తాయి, తర్వాత పడిన వాన జారిపోకుండా భూమిలోకి ఇంకుతుంది. చెరువు మట్టి తోలేదీ ఈ కాలంలోనే. ఇరవైమందితో చేయగలిగినవి కొన్ని ఉంటాయి, రెండువందలమందితో కుదరవు. ఒకరి ఇంటి కష్టం ఇంకొకరు పూర్తిగా వినడం, ఏళ్ల తరబడి మాట్లాడుకోని ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టడం అలాంటివి.

మా సంఘంలో ఒక పెంతెకొస్తు ఆదివారం జరిగింది చెబుతాను. కరెంటు పోయింది, మైకు లేదు, కీబోర్డు లేదు, పద్నాలుగుమందిమి ఉన్నాం. చాపలు తెచ్చి బయట వేపచెట్టు కింద వేసుకున్నాం. మైకు లేదు కాబట్టి అందరం దగ్గరగా జరిగాం. వెనక స్తంభం పక్కన ఎప్పుడూ కూర్చునే ఒక అక్క, ఇరవై ఏళ్లలో గొంతెత్తి ప్రార్థన చేసినట్టు ఎవరికీ గుర్తులేని మనిషి, బైబిలు చుట్టిన ప్లాస్టిక్ కవరు విప్పుతూ మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. కొడుకు తాగుడు గురించి. ఆ కవరును మడిచి, విప్పి, మళ్లీ మడుస్తూనే అరగంట మాట్లాడింది. మాకెవరికీ ఆ ఇంటి సంగతి తెలియదు. పక్కింట్లోనే ఉంటున్నా నాకూ తెలియదు.

ఇంకొకటి, సుగ్గికి పోయినవాళ్లను రానివాళ్లు అనొద్దు. వాళ్లు సంఘమే. ఆరాధన అయ్యాక ప్రతి ఆదివారం రెండు కుటుంబాలకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టండి, పేరు పెట్టి ప్రార్థన చేయండి, ఎలా ఉన్నారో అడగండి. వాళ్లు అవ్వల దగ్గర వదిలి వెళ్లిన పిల్లలు ఉంటారే, వాళ్లను ఆదివారం ఎవరు పిలుచుకుని వస్తున్నారు? ఆ పని నువ్వు తీసుకోగలవా, చెల్లీ?

ప్రశ్న: ఆంటీ, మాది ప్రొద్దుటూరు పక్కన. మా మందిరం రేకుల షెడ్డు. ఆరాధన పదికి మొదలై ఒంటిగంటన్నర దాకా. పోయిన ఆదివారం మా అవ్వ కళ్లు తిరిగి పడిపోయింది. టైము మార్చమని అడిగితే, ప్రభువు మన కోసం సిలువ మోశాడు, మనం ఎండను ఓర్చుకోలేమా అన్నారు పెద్దలు. ఎదురు చెబితే తప్పవుతుందా?

జవాబు: తప్పు కాదు బాబూ. మర్యాదగా చెప్పు, గట్టిగా చెప్పు.

పది గంటలు అన్నది వాక్యంలో లేదు. పేతురు మొదటి పత్రికలో బితూనియ అని వస్తుంది కదా, ఆ ప్రాంతాన్ని పాలించిన ప్లినీ అనే రోమా అధికారి క్రీ.శ. 112 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవులు నియమించుకున్న రోజున తెల్లవారక ముందే కూడుకుని క్రీస్తును స్తుతిస్తూ పాడతారని, తర్వాత విడిపోయి, మళ్లీ భోజనానికి కలుస్తారని అందులో ఉంది. ప్రభువు కూడా ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్లాడని మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే కనిపిస్తుంది. ఆరున్నరకు ఆరాధన అంటే కొత్త ఫ్యాషనేమీ కాదు, మొదటి తరాలవాళ్ల అలవాటే.

అపొస్తలుల కార్యాలు 20లో ఐతుకు సంగతి మీ పెద్దలకు గుర్తుచేయి. పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతున్నాడు, మేడగదిలో చాలా దీపాలు వెలుగుతున్నాయి, కిటికీలో కూర్చున్న ఆ కుర్రాడికి నిద్ర ఆగక మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. పౌలంతటివాడు ప్రసంగం మధ్యలో ఆపి, మెట్లు దిగి, వాణ్ని కౌగిలించుకున్నాడు. మీ అవ్వ పడిపోయినప్పుడు ఎవరైనా ఆపారా?

టైము మార్చేముందు ఆడవాళ్లను అడగండి. ఇది నేను పట్టుబట్టి చెప్పే మాట. మగవాళ్లు కూర్చుని ఆరున్నర అని తీర్మానం చేస్తే, ఇంట్లో ఆడవాళ్లు మూడున్నరకు లేచి వంట చేయాల్సి వస్తుంది. దానికి బదులు ఆరాధన అయ్యాక మందిరంలోనే రాగిజావో ఉగ్గానో వంతులవారీగా చేస్తే, ఇంటి దగ్గర పొయ్యి వెలిగించే పని తప్పుతుంది, అందరూ కలిసి తిన్నట్టూ అవుతుంది. పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్లకు అంత పొద్దున్నే వీలుకాకపోతే సాయంత్రం ఆరింటికి పెట్టుకోండి.

రేకులకు పైన తెల్ల సున్నం కొట్టించండి. తక్కువ ఖర్చు, రెండు మూడు డిగ్రీలైనా వేడి తగ్గుతుంది. మన వైపు పాత మిషన్ గుళ్లు చూడు, మందమైన గోడలు, ఎత్తైన కప్పు, గాలి పోవడానికి పైన కిటికీలు. కడపలో లండన్ మిషన్ పని 1822లో మొదలైంది, కరెంటు ఫ్యాను లేని కాలంలో ఈ ఎండకు తగ్గట్టు కట్టుకోవడం వాళ్లకు తెలిసింది. మనమేమో షెడ్డు వేసి, దాని కింద స్పీకర్లు పెంచుకుంటున్నాం.

మీ యూత్ అంతా ఇది నేర్చుకోండి: లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఆరాధన మధ్యలో నీళ్లు తాగడం భక్తిలేనితనం కాదని ముందే ప్రకటించమనండి. ఒళ్లు బాగా కాలిపోతూ, మాట తడబడి, ఉన్నది ఎక్కడో తెలియని స్థితిలో ఎవరైనా ఉంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒంటికి తడిబట్టలు వేసి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. ప్రార్థన అంబులెన్సులో చేయవచ్చు.

ఎండలు తగ్గేదాకా అవ్వను మందిరానికి తీసుకెళ్లొద్దు. ఇద్దరు కుర్రాళ్లు సాయంత్రం ఇంటికి వెళ్లి ఆమెకు ఒక అధ్యాయం చదివి వినిపించండి. ప్రభు భోజనం ఇంటికే తెచ్చి ఇమ్మని అయ్యగారిని అడుగు, కాదనరు.

ప్రశ్న: వందనాలండీ. అనంతపురంలో ఉంటాం. మా పాప, బాబు ఏటా వీబీఎస్‌కు, అంటే ఎండాకాలం సెలవుల్లో చర్చిలో పెట్టే బైబిలు తరగతులకు, వెళ్తారు. పదిరోజులు పాటలు, యాక్షన్లు, రోజుకో కంఠత వాక్యం. చివరిరోజు ప్రోగ్రాం, ప్రైజులు. బడి తెరిచేసరికి ఒక్క వాక్యం గుర్తుండదు. ఇదంతా దేనికి అనిపిస్తోంది.

జవాబు: అమ్మా, వీబీఎస్ మీద నాకు చాలా ప్రేమ ఉంది, అందుకే మీ మాట నన్ను గుచ్చింది. 1901లో రాబర్ట్ బోవిల్ అనే ఆయన న్యూయార్క్‌లో ఈ పనిని పెద్ద ఎత్తున నడిపించినప్పుడు కారణం చాలా మామూలుది. సెలవుల్లో పిల్లలు వీధుల్లో తిరుగుతున్నారు, చర్చి భవనాలు వారమంతా ఖాళీగా ఉన్నాయి, ఈ రెంటినీ కలుపుదాం అని. ఆ సంగతి ఇప్పటికీ నిజమే, ముఖ్యంగా తల్లిదండ్రులు ఉపాధి పనికి పోతే ఇంట్లో ఒంటరిగా ఉండే పిల్లలకు.

చెడింది ఎక్కడంటే, మనం చివరిరోజు స్టేజీ కోసం పని చేస్తున్నాం. పది వాక్యాలు ఎందుకు? మూడు చాలు. ఒక్కో వాక్యం మూడు రోజులు, మొదటిరోజు అర్థం, రెండోరోజు కథ, మూడోరోజు ఇంట్లో ఒకరికి చెప్పి రావడం. మా క్లాసులో ఒక అబ్బాయి బిస్కెట్ ప్యాకెట్ కోసం వచ్చేవాడు, దాచుకోకుండా చెప్పేవాడు కూడా. చదవడం రాదు. మిగతావాళ్లు చార్టు చూసి చెబుతుంటే వీడు వాళ్ల నోళ్లు చూసి పట్టుకున్నాడు. ఇంట్లో ఎవరికి చెప్పావురా అంటే, మేకలు కాసే తాతకు చెప్పానన్నాడు. మరుసటిరోజు మళ్లీ అడిగాను. తాత తప్పు చెబుతున్నాడు టీచర్, సరిచేస్తున్నా అన్నాడు. ప్రైజు తీసుకున్న పిల్లల పేర్లు నాకు గుర్తులేవు కానీ ఆ తాత తప్పు చదివిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది.

మీరు ఇంట్లో చేయగలిగింది: జూన్‌లో బడి తెరిచేలోపు వారానికొకసారి, రాత్రి అన్నాల దగ్గర, పిల్లల చేత ఆ మూడింట్లో ఒకటి చెప్పించుకోండి, మీరూ నేర్చుకోండి, తప్పు చెప్పి వాళ్లచేత దిద్దించుకోండి. సంఘంలో అడగాల్సింది: ఒక్కో టీచర్‌కు ఐదుగురు పిల్లలు, బడి తెరిచేలోపు ఒక్కసారైనా ఆ ఇళ్లకు వెళ్లి రావాలి. చివరిరోజు కొత్త గౌనులు, మ్యాచింగ్ డ్రస్సులు పెట్టొద్దని కూడా చెప్పండి. డ్రస్సు లేక ఆ రోజు మానేసిన పిల్లను నేను చూశాను.

వేరే మతాల ఇళ్ల పిల్లలు వస్తే సంతోషం, కానీ లోపల ఏం చెబుతామో వాళ్ల అమ్మానాన్నలకు ముందుగానే చెప్పి, వాళ్లు సరేనంటేనే కూర్చోబెట్టుకోవాలి. అడగకుండా చేసేది నమ్మకాన్ని పోగొడుతుంది.

ప్రశ్న: రిటైరయ్యాను, కర్నూలులో ఉంటాను, షుగర్ ఉంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నీళ్లు కూడా తాగను. ఈ మధ్య నీరసంగా ఉంటోంది. మానేస్తే దేవుడికి అన్యాయం చేసినట్టా?

జవాబు: అయ్యా, మానేయండి. షుగర్ మాత్రలు వేసుకుంటూ ఈ ఎండలో నీళ్లు కూడా లేకుండా ఉండటం ప్రమాదం, డాక్టరును అడగకుండా అసలు వద్దు. శుక్రవారం టీవీ, ఫోను కట్టిపెట్టి ప్రార్థనకు కూర్చోండి, ఆ పూట మీ భోజనానికయ్యే ఖర్చు ఆకలితో ఉన్నవాళ్లకు ఇవ్వండి. యెషయా 58 చదివితే దేవుడు కోరుకున్న ఉపవాసం ఏదో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అక్కా, మేం కడపలో యవనస్తులం. మందిరం ముందు చలివేంద్రం పెడదామనుకున్నాం. కరపత్రాలు పంచకపోతే అది సువార్త ఎలా అవుతుందని ఒక పెద్దాయన అడ్డుపడ్డారు.

జవాబు: పెట్టండి తమ్ముడూ, కరపత్రాలు లేకుండానే పెట్టండి. గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాడి ఫలం పోదని ప్రభువే చెప్పాడు, మత్తయి 10 ఆఖరి వచనం, ఆ పెద్దాయనకు చూపించండి. దాహంతో నిలబడ్డ మనిషి చేతిలో ముందు గ్లాసు పెట్టాలి. ఎవరు పెట్టారని తనే అడిగితే చెప్పండి.

ఇంతకన్నా పెద్ద సమస్య వేరే ఉంది. మొదటి వారం అందరూ వస్తారు, ఫొటోలు దిగుతారు, మూడో వారానికి కుండలు ఎండిపోయి గ్లాసు గొలుసుకు వేలాడుతూ ఉంటుంది. మీరు ముందుగా కాగితం మీద రాసుకోవాల్సింది మధ్యాహ్నం రెండింటికి కుండ నింపేది ఎవరన్నది. ఆ టైముకు ఎవరికీ ఇంట్లోంచి కదలబుద్ధి కాదు, దారిన పోయేవాడికి దాహం ఎక్కువుండేది అప్పుడే. కొత్త కుండలు రెండు రోజులు నీళ్లలో నాననివ్వండి. కింద ఇసుక పరిచి తడపండి, కుండలకు గోనెసంచి చుట్టి పూటకు రెండుసార్లు నీళ్లు చల్లండి. ప్రతి రాత్రి కుండ ఖాళీ చేసి కడగాలి. ముంచుకునే గరిటె పొడవైన పిడి ఉన్నదే పెట్టండి, చేతులు నీళ్లలో మునగకూడదు. పక్కన నేల మీద వెడల్పాటి తొట్టి ఒకటి పెట్టండి, కుక్కలూ పక్షులూ వస్తాయి. రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చేదాకా నడపగలమనుకుంటేనే మొదలుపెట్టండి. మంగళ, శుక్రవారాల్లో రెండు గంటల వంతుకు మనిషి దొరక్కపోతే ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పండి, మా ఇల్లు మీ మందిరానికి దూరం కాదు, నేనొస్తాను.