తాళం చేతికిచ్చే ముందు

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీరు సంక్రాంతికి వచ్చి మూడు వారాలు ఉంటారని మీ అమ్మ ఫోన్ చేసిన దగ్గర్నుంచి మీ అత్తయ్య కాలు ఒకచోట నిలవడం లేదు. నీ మెసేజ్ కూడా చూశాను. "అద్దె కారు వద్దు మావయ్యా, నీ కారే నడుపుతాను. నా కోసం వేరే ఇన్సూరెన్స్ కట్టాలా? నా పాత లైసెన్స్ మీ ఇంట్లోనే ఉంది కదా" అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పి వదిలేసే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ పేరు మీద వేరే ఇన్సూరెన్స్ అక్కర్లేదు. మీ అమెరికాలో ఇంట్లో కారు నడిపే వాళ్లందరి పేర్లూ పాలసీలో రాయించాలని నువ్వే ఒకసారి చెప్పావు. ఇక్కడ పాలసీ బండికి ఉంటుంది. యజమాని ఒప్పుకుని ఇస్తే చాలు, మేనల్లుడు నడిపినా పక్కింటాయన నడిపినా అదే పాలసీ పనిచేస్తుంది. అయితే అందులోనే డ్రైవర్ క్లాజ్ అని ఓ చిన్న పేరా ఉంటుంది. ప్రమాదం జరిగిన వేళకు స్టీరింగ్ పట్టుకున్న మనిషి దగ్గర చెల్లే లైసెన్స్ ఉండాలి అని దాని సారాంశం. మిగతా కాగితాలన్నీ ఎంత బాగున్నా ఈ ఒక్కటి తప్పితే ఏదీ నిలబడదు.

ఇక నీ పాత లైసెన్స్. బీరువాలోంచి తీసి చూశాను. 2004లో మనిద్దరం ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి తెచ్చుకున్నదే. అప్పట్లో ఇరవై ఏళ్లకు ఇచ్చేవారు. అంటే 2024తోనే దాని గడువు తీరిపోయింది. పూర్వం గడువు తీరాక కూడా ముప్పై రోజులు చెల్లేది. 2019లో చట్టం మార్చినప్పుడు ఆ వెసులుబాటు తీసేశారు. గడువు తీరి ఏడాది దాటితే రెన్యువల్ కూడా మామూలుగా కాదు, మళ్లీ టెస్ట్ ఇవ్వాలి. మూడు వారాల సెలవులో ఆ పని పెట్టుకోకు. ఆ కార్డు జేబులో పెట్టుకుని రోడ్డెక్కితే లైసెన్స్ లేనట్టే లెక్క.

కాబట్టి నువ్వు విమానం ఎక్కే ముందే అక్కడ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకో. అమెరికాలో దాన్ని ఏఏఏ అనే వాహనదారుల సంఘం వాళ్లు ఇస్తారు. ఫారం నింపి రెండు పాస్‌పోర్ట్ ఫోటోలు, నీ అమెరికా లైసెన్స్ చూపిస్తే సరిపోతుంది. ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. ఇక్కడికి వచ్చాక మన ఆర్టీవో దగ్గర నీకు అది దొరకదు, నీ లైసెన్స్ ఏ దేశానిదో ఆ దేశంలోనే తీసుకోవాలి. పర్మిట్‌తో పాటు అసలు లైసెన్స్ కూడా తెచ్చుకో, ఒకటి లేకుండా రెండోది పనికిరాదు. పర్మిట్‌లో 'బి' గడి మీద ముద్ర ఉంటే కారు నడపొచ్చు. మోటార్ సైకిల్‌కి 'ఎ' గడి వేరే ఉంటుంది. నీకు అది ఉండదు కాబట్టి మా చిన్నవాడి స్కూటీ తీసుకుని బజారుకు వెళ్లొద్దు. వాడు ఇస్తానన్నా తీసుకోకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. కొన్నేళ్ల కిందట మా చిన్నన్నయ్య అల్లుడు విదేశం నుంచి వచ్చి మామగారి కారు తీసుకుని ఇచ్ఛాపురం పెళ్లికి బయలుదేరాడు. లైసెన్స్ గడువు ఎనిమిది నెలల కిందటే అయిపోయింది. ఆ సంగతి చిన్నన్నయ్యకూ తెలుసు. "రానూపోనూ గంట దారే కదా" అనుకున్నాడు. హైవే దిగే చోట ఒక సైకిల్ మనిషిని తగిలించాడు. దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది గానీ ఆయనకు తొడ ఎముక విరిగింది. కేసు ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లింది. ఇన్సూరెన్స్ కంపెనీ ముందు బాధితుడికి డబ్బు కట్టాలి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలి అని తీర్పు వచ్చింది. అల్లుడు అప్పటికే వెళ్లిపోయాడు. నోటీసు చిన్నన్నయ్య పేరు మీద వచ్చింది. కూతురి పురుడు కోసం వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి కట్టాడు. ఆ తర్వాత మామా అల్లుళ్లు ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకున్నది నేను చూడలేదు.

ఇది వాళ్ల ఒక్కళ్లకే జరిగిన విడ్డూరం కాదు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దారి ఇదే. లైసెన్స్ సంగతి యజమాని తగినంత జాగ్రత్తగా చూసుకున్నాడా లేదా అన్నది అందులో ముఖ్యం. నీ కార్డు గడువు తీరిందని నా కళ్లతో నేను చూశాను. తెలిసి తాళం ఇస్తే తప్పు నాదే అవుతుంది. ప్రమాదం జరగకపోయినా సరే, లైసెన్స్ లేని వాడికి బండి ఇచ్చిన యజమానికి మూడు నెలల వరకు జైలు గానీ, 5000 రూపాయల జరిమానా గానీ పడొచ్చు.

నా వైపు కాగితాలు నేను చూసుకున్నాను. నా కారుకు ఫుల్ పాలసీ ఉంది, మార్చి దాకా నడుస్తుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఈ వారం కొత్తది తీసుకుంటాను. చిన్న మావయ్య కొత్త కారు ఇస్తానని నిన్ను ఊరిస్తున్నాడట. అది తీసుకోకు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన కారు వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి ఉండేది, ఒకేసారి మూడేళ్లకు ఇస్తున్నారు. చాలామంది దాన్ని చూసి మొత్తం ఇన్సూరెన్సే మూడేళ్లు ఉందనుకుంటారు. మన కారు దెబ్బతింటే డబ్బిచ్చే ఓన్ డ్యామేజ్ మాత్రం ఏడాదికే తీసుకున్నవాళ్లు ఏటేటా కట్టుకోవాలి. ఆయన రెండో ఏడాది కట్టలేదు. ఉత్త థర్డ్ పార్టీ మీద నడిచే కారులో కూర్చున్న మన చుట్టాలకు కూడా రక్షణ ఉండదు. ఫుల్ పాలసీలో అయితే వాళ్లకూ ఉంటుంది. వెనక సీట్లో మీ అమ్మా పిల్లలూ ఉంటారు కాబట్టి ఇది చిన్న విషయంగా తీసుకోకు.

ఇక అసలు ఎవరూ చెప్పని సంగతి నీ గురించి. పాలసీలో ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. అది కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే, అంటే నాకే. కారు అడిగి తీసుకుని నడిపేవాడు యజమాని స్థానంలో ఉన్నట్టే గానీ బయటి మనిషి కాడని 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల నీకు దెబ్బ తగిలితే నువ్వు థర్డ్ పార్టీగా నా పాలసీ మీద అడగలేవు, నాకున్న 15 లక్షలూ నీకు రావు. కారుకు రక్షణ ఉంది, రోడ్డు మీద వాళ్లకు ఉంది, నీకు లేదు. అది రాస్తుంటేనే నాకు మనసు ఏదోలా అయింది. అందుకని బయలుదేరే ముందు ఒక ట్రావెల్ మెడికల్ పాలసీ తీసుకో. ఇండియాలో సొంతంగా కారు నడుపుతూ దెబ్బ తగిలితే ఇస్తారా అని అడిగి రాతలో తీసుకో. మీ అమెరికా కారు పాలసీ ఇక్కడ పనిచేయదు. క్రెడిట్ కార్డు మీద వచ్చే కారు రక్షణ అద్దె కార్లకే గానీ చుట్టాల కార్లకు కాదు.

అరసవల్లి, శ్రీకూర్మం మనమంతా కలిసి వెళ్దాం. ఓ.డి. అనే ఒడిశా నంబరు ఉన్న బండి ఆంధ్రాలోకి వెళ్తే ఇన్సూరెన్స్ ఆగిపోతుందేమోనని ఇక్కడ ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. అలా ఏమీ ఆగదు, పాలసీ దేశమంతా చెల్లుతుంది. కానీ మీ పెద్దమ్మ వాళ్లు శ్రీకాకుళం కొట్టుకు నాలుగు పట్టుచీరల మూటలు డిక్కీలో వేసి పంపుతామని అంటారు, నాకు తెలుసు. వద్దని నేనే చెబుతాను. సొంత కారు పాలసీ మన సామానుకు ఒప్పుకుంటుంది, వ్యాపారం సరుకుకు కాదు. పెట్రోల్ మీరు పోయిస్తే సంతోషమే గానీ కారుకు అద్దె అని నా చేతిలో డబ్బు పెట్టకు. కిరాయికి ఇచ్చిన కారుకూ ఆ పాలసీ వర్తించదు.

ఏదైనా జరగరానిది జరిగితే అక్కడే ఆగు. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు 108కి ఫోన్ చెయ్యి, తర్వాత 112కి, ఆ తర్వాత నాకు. కారు కదపకముందే ఫోటోలు తియ్యి. ఇన్సూరెన్స్ కంపెనీకి నేను చెబుతాను. జనం పోగై "బాబూ, మీరు విదేశం మనిషి, మావయ్యే నడిపారని రాయించండి" అని మంచి మాటలా చెప్తారు. వినొద్దు. నడిపింది నువ్వైతే నువ్వే అని చెప్పు. అబద్ధం బయటపడితే పోలీసు కేసు ఇద్దరి మీదా పడుతుంది, క్లెయిమ్ మొత్తం పోతుంది. చిన్న గీత పడితే మాత్రం నా నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుందని భయపడి దాచిపెట్టకు. నాకు యాభై శాతం వస్తోంది, పోతే పోనీ.

భువనేశ్వర్ ఎయిర్‌పోర్టుకు నేనే డ్రైవర్ని పెట్టుకుని వస్తాను. అంత ప్రయాణం చేసి, నిద్ర లేకుండా, కుడివైపు నడిపే అలవాటుతో వచ్చిన వాడివి వెంటనే హైవే మీద స్టీరింగ్ పట్టొద్దు. రెండు రోజులు పోయాక గోపాల్‌పూర్ దాకా నేను పక్కన కూర్చుంటాను, నువ్వు నడుపు. పర్మిట్ చేతికి రాగానే 'బి' గడి మీద ముద్ర కనిపించేలా ఫోటో తీసి పంపు. అది చూశాక కారు సర్వీసింగ్‌కి ఇస్తాను.

ఇట్లు
మీ మావయ్య