సగం రాయల్టీ ఇస్తానన్న మాటకు రుజువేది?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ. తెలిసిన రచయిత నవలను ఆడియో పుస్తకంగా చదివి 2023 నవంబరులో అప్పగించాను. పారితోషికం లేదు, రాయల్టీలో సగం ఇస్తానన్నారు. 2024 ఉగాదికి 4,200 రూపాయలు ఫోన్‌పేలో పంపి, తర్వాత ముఖం చాటేశారు. సొంత అన్నలా నమ్మాను. వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోను ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాను. కొన్ని స్క్రీన్‌షాట్లు మిగిలాయి. ఆ రికార్డింగును నా యూట్యూబ్ చానల్లో పెట్టుకోవచ్చా?

జవాబు: ఆయనను ఎంతగా నమ్మారన్నది కోర్టుకు అక్కరలేదు. సగం ఇస్తానన్నారనడానికీ, ఆ సగం దేనిలో సగమో చెప్పడానికీ మీ దగ్గర ఏముందన్న దాని మీదే కేసు నిలుస్తుంది. కాపీరైట్ బదిలీకి సంతకంతో కూడిన పత్రం తప్పనిసరి గానీ, పనికి ప్రతిఫలమిస్తానన్న ఒప్పందం నోటిమాటగా కుదిరినా చెల్లుతుంది. రుజువు భారం మాత్రం మీదే. డబ్బు మాటలన్నీ ఉన్న ఫోనును పాత సామానులా ఇచ్చేయడం అజాగ్రత్త కాక మరేమిటి? స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. వాటికంటే గట్టి ఆధారం ఆ 4,200 రూపాయల చెల్లింపు. దానికి బ్యాంకు స్టేట్‌మెంటు వెంటనే తీసుకోండి.

చెల్లింపు గడువు అనుకోని పనికి ప్రతిఫలం కోరాలంటే, 1963 లిమిటేషన్ చట్టం 18వ అధికరణం ప్రకారం పని పూర్తయిన నాటి నుంచి 3 సంవత్సరాల్లో దావా వేయాలి. వాటా ఎగవేసిన నాటి నుంచి లెక్కించాలని వాదించే వీలున్నా, దాన్ని నమ్ముకుని కూర్చోకుండా 2026 నవంబరునే గడువనుకోండి. లీగల్ నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు.

యూట్యూబ్ ఆలోచన తక్షణం మానండి. గొంతు మీదైనా నవల ఆయనది. తెలిసి తెలిసి అనుమతి లేకుండా పెడితే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 సంవత్సరాల జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. బాకీ ఉన్న మనిషి చేతికి మీరే ఫిర్యాదు అందించినట్లవుతుంది.

ఆడియో పుస్తకం విడుదల చేసిన సంస్థ నుంచి వచ్చిన రాయల్టీ లెక్కలు ఆ రచయిత చూపి, సగం చెల్లించాలని 15 రోజుల గడువుతో న్యాయవాది ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపించండి. స్పందించకపోతే లెక్కల కోసం, బాకీ వసూలు కోసం దావా వేసి, ఒప్పందం రుజువు కాని పక్షంలో ఉచితంగా చేయని పనికి తగిన ప్రతిఫలం ఇప్పించాలని 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద ప్రత్యామ్నాయంగా కోరండి. అసలు రికార్డింగు ఫైళ్లను పేరు, తేదీ చెక్కుచెదరకుండా భద్రపరచి, ఒక ప్రతితో ఈ వారమే న్యాయవాదిని కలవండి.