మీరు అడిగారు: అంబులెన్స్ నడపడానికి లైసెన్స్ ఒక్కటి ఉంటే చాలా?

ప్రశ్న: నమస్తే సార్, మాది కరీంనగర్. మా తమ్ముడు స్కూల్ వ్యాన్ నడుపుతాడు, ఇప్పుడు ఒక ప్రైవేట్ అంబులెన్స్ ఓనర్ పిలిచి లైసెన్స్ ఉంది కదా రేపే డ్యూటీ ఎక్కెయ్ అన్నాడంట. ట్రైనింగ్ ఏమీ అక్కర్లేదా? అమ్మ ఒకటే భయపడుతోంది.

జవాబు: అమ్మ భయంలో న్యాయం ఉందమ్మా. రూల్ ప్రకారం చూస్తే ఆ ఓనర్ చెప్పింది తప్పు కాదు, నాకు బాధగా ఉండేది కూడా అదే. మన దగ్గర అంబులెన్స్‌కి విడిగా లైసెన్స్ లేదు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక 7500 కిలోల లోపు బండికి మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్, అంటే కారు లాంటి తేలికపాటి బండ్లకి ఇచ్చేది, ఉంటే సరిపోతుంది. బండికైతే ఏఐఎస్ 125 అని ఒక స్టాండర్డ్ పెట్టారు, స్ట్రెచర్ ఎలా బిగించాలి, సీట్లు ఎలా ఉండాలి, లైట్లు ఎక్కడ పెట్టాలి అన్నీ అందులో రాశారు, కానీ ఆ బండి నడిపే మనిషికి ఏం నేర్పాలి అన్నది మాత్రం చాలావరకు ఓనర్ మంచితనానికి వదిలేశారు. 108 సంగతి వేరు, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సర్వీస్‌లో డ్రైవర్‌ని పైలట్ అంటారు, ట్రైనింగ్ ఇచ్చాకే బండి చేతికిస్తారు. ప్రైవేట్‌లో కూడా అలాగే జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నా.

ఇంతకీ మీ తమ్ముడు నేర్చుకోవాల్సింది స్పీడ్ కాదు. ఒక్క లెక్క చూడండి, 10 కిలోమీటర్లు 60లో పోతే 10 నిమిషాలు, 80లో పోతే ఏడున్నర, అదీ దారంతా ఖాళీగా ఉంటేనే. అంటే మిగిలేది రెండున్నర నిమిషాలు. అదే 80లో బ్రేక్ కొడితే బండి ఆగడానికి పట్టే దూరం 60లో కంటే దాదాపు 1.8 రెట్లు. పైగా వెనకాల ఈఎంటీ, అంటే దారిలో పేషెంట్‌ని చూసుకునే కుర్రాడు, బెల్ట్ తీసి నిలబడి సెలైన్ ఎక్కిస్తూనో, ఛాతీ నొక్కుతూనో ఉంటాడు, ఒక్క సడన్ బ్రేక్ పడిందంటే సూది ఊడిపోతుంది, ఆ పిల్లాడు వెళ్ళి క్యాబిన్ గోడకి కొట్టుకుంటాడు. వెన్నెముక దెబ్బతిన్న పేషెంట్ అయితే ఒక్కో స్పీడ్ బ్రేకర్ నరకమే. బండి ఎత్తు కూడా ఎక్కువ కాబట్టి మలుపులో విసురుగా తిప్పితే పల్టీ కొడుతుంది.

అందుకని డ్యూటీ ఎక్కే ముందు మీ తమ్ముడిని ఒక పని చేయమనండి. తనే స్ట్రెచర్ మీద పడుకుని బెల్టులు పెట్టించుకుని, వేరే డ్రైవర్‌తో ఊళ్ళో ఒక రౌండ్ వేయించుకోమనండి, తల ఎటు ఊగుతుందో, బ్రేక్ కొడితే కాళ్ళు ఎటు జారతాయో ఒంటికి తెలిసిపోతుంది. తర్వాత కొన్నాళ్ళు పాత డ్రైవర్ పక్కన కూర్చుని చూడాలి. రెడ్‌క్రాస్ వాళ్ళు, సెయింట్ జాన్ వాళ్ళు ఫస్ట్ ఎయిడ్ నేర్పుతారు, అది కచ్చితంగా చేయాలి. మీకు దగ్గర్లోనే సిరిసిల్ల మండేపల్లిలో డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది, అక్కడ కూడా అడగండి. ఇంకోటి, డ్యూటీ ఎన్ని గంటలో ముందే తేల్చుకోండి, పగలంతా వ్యాన్ నడిపి రాత్రి అంబులెన్స్ ఎక్కుతా అంటే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు.

ప్రశ్న: సైరన్ వేసుకుని రెడ్ సిగ్నల్ దాటితే కేసు ఉండదంటారు, నిజమేనా? గుద్దితే ఎవరి తప్పు?

జవాబు: సగమే నిజం. 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లో ఫైర్ ఇంజన్, అంబులెన్స్, పోలీస్ బండ్లకి బాగా అత్యవసరం అయితే సిగ్నల్ దాటే వెసులుబాటు ఇచ్చారు, కానీ తగిన జాగ్రత్తతో, బాధ్యతతో అని అక్కడే రాశారు. దాన్ని మర్చిపోయి గుద్దితే మామూలు డ్రైవర్‌కి పడే కేసే పడుతుంది, నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106 కింద 5 ఏళ్ళ దాకా జైలు. దారి ఇవ్వని వాళ్ళకి మోటారు వాహనాల చట్టం 194ఇ కింద 10 వేల ఫైన్ లేదా 6 నెలల జైలు, ఒక్కోసారి రెండూ, అది వేరే సంగతి.

అనుభవం ఉన్న పైలట్ జంక్షన్ రాగానే సైరన్ టోన్ మారుస్తాడు, దాదాపు ఆపినంత స్లో చేస్తాడు, ఒక్కో లైన్ చూసుకుంటూ దాటతాడు. బస్సు ఆగి దారిచ్చింది కదా అని ముందుకి దూకితే బస్సు పక్కనుంచి బైక్ వస్తుంది, ఆ బైక్ అబ్బాయికి అంబులెన్స్ కనపడదు, హెల్మెట్‌లో చెవికి సైరన్ ఎటునుంచో కూడా అర్థం కాదు. రెండు అంబులెన్సులు వెనకా ముందూ పోతుంటే ఇంకా ప్రమాదం, మొదటిది పోగానే జనం రోడ్డు మీదకి వచ్చేస్తారు, రెండోది ఉందని ఎవరూ అనుకోరు. ఖాళీ బండికి, డిశ్చార్జ్ అయి ఇంటికి పోయే పేషెంట్‌కి సైరన్ వేసే వాళ్ళని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, వాళ్ళ వల్లే అసలు అవసరం ఉన్నవాళ్ళకి జనం పక్కకి జరగట్లేదు.

ప్రశ్న: నాన్నగారిని హైదరాబాద్ ఆస్పత్రికి మార్చాలి, ప్రైవేట్ అంబులెన్స్ మాట్లాడుకున్నాం. ఎక్కేటప్పుడు ఏం చూడాలి?

జవాబు: స్ట్రెచర్ ఫ్లోర్‌లో లాక్ అయిందా లేదా చేత్తో ఊపి చూడండి. నాన్నగారికి కాళ్ళ దగ్గరే కాదు భుజాల మీద కూడా బెల్ట్ ఉండాలి, భుజాలవి లేకపోతే బ్రేక్ పడ్డప్పుడు మనిషి ముందుకి జారిపోతాడు. ఆక్సిజన్ సిలిండర్ కట్టి ఉండాలి. మీరు కూడా బెల్ట్ పెట్టుకోండి, ఎక్కించడానికి వచ్చిన చుట్టాలందరినీ వెనకాల కూర్చోబెట్టొద్దు. డ్రైవర్ రాత్రి పడుకున్నాడా అని మొహమాటం లేకుండా అడగండి. "తొందరగా పోనీ అన్నా" అని మాత్రం ఒక్కసారి కూడా అనకండి, డాక్టర్‌కి ఫోన్ చేసి ఎంతసేపట్లో వస్తామో చెప్పి బెడ్ రెడీగా పెట్టించుకోండి, అసలు టైమ్ మిగిలేది అక్కడే.