మంత్రసాని ఏ పాఠంలో ఉంది?

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ను. బీఎస్సీ మొదటి ఏడాదికి వృత్తి చరిత్ర చెబుతుండగా నల్లగొండ వైపు అమ్మాయి లేచి, "మేడమ్, మా నాయనమ్మ మంత్రసాని, ఊరందరికీ పురుళ్లు పోసింది. ఆమె ఈ పాఠంలో ఎక్కడ?" అని అడిగింది. ఫ్లారెన్స్ నైటింగేల్‌తో మొదలై ఆమెతోనే ముగిసే పాఠాన్ని ఎలా విస్తరించాలి?

జవాబు: నైటింగేల్‌ను తగ్గించనక్కర లేదు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే నివారించగల జబ్బులతోనే ఎక్కువగా చనిపోయారని లెక్కలు కట్టి, పటాలు గీసి చూపిన మనిషిగా ఆమెను పరిచయం చేయండి. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె మొదలుపెట్టిన నర్సుల శిక్షణ పాఠశాల పరీక్షకు ఎలాగూ కావాలి. అదే యుద్ధానికి వెళ్తానంటే కాదనిపించుకున్న జమైకా మహిళ మేరీ సీకోల్ సొంత ఖర్చుతో క్రిమియాలోని బాలక్లావా దగ్గరికి చేరి సైనికులకు సేవ చేశారు; 2016లో ఆమె విగ్రహాన్ని నిలిపింది ఆ సెయింట్ థామస్ ఆవరణలోనే. గుమ్మం దగ్గర ఎవరిని ఆపారన్న ప్రశ్నతో కలిపి చెప్పకపోతే ఇది మరో పేరు బట్టీ పట్టించడమే అవుతుంది.

ఇక మన సంగతి. 1897లో పుణెలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే జబ్బుతో కన్నుమూసిన సావిత్రిబాయి ఫూలే గురించి తప్పక చెప్పండి, కానీ ఆమెకు 'తొలి నర్సు' బిరుదు తగిలించకండి. ఆ గొప్పతనానికి అది అవసరం లేదు. మంత్రసానితనం చాలాచోట్ల మంగలి, దళిత కుటుంబాల స్త్రీల పని. బిడ్డను పట్టిన చేతినే మైల అని దూరం పెట్టారు. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అన్న సామెతను మనం మరేవేవో సందర్భాల్లో వాడతాం గానీ, ఆ పట్టిన మనిషిని తలుచుకోం. మీ వార్డుల్లో మగ నర్సులను 'బ్రదర్' అని పిలుస్తారు కదా, ఆ పిలుపు ఎక్కడిదో కూడా అడగండి: క్రైస్తవ సన్యాసినుల నుంచి వచ్చిన 'సిస్టర్'కు అది జోడీ.

పిల్లలను రిటైరైన సిస్టర్ల దగ్గరికి పంపండి. గాజు సిరంజీలను ఎలా మరిగించేవారో, మొద్దుబారిన సూదులను రాతి మీద ఎలా సానబెట్టేవారో, రాత్రి డ్యూటీకి ఇంట్లో ఏమనేవారో వాళ్ల మాటల్లోనే రాసుకోనివ్వండి. ఆ నాయనమ్మ దగ్గరికీ వెళ్లండి. ఆమె ఒప్పుకుంటే పేరుతో సహా రాయించండి, వద్దంటే పేరు లేకుండానే.