రాయగడలో పిల్లల సైకియాట్రీ మొదలుపెడుతున్న మేనకోడలికి

బరంపురం

అమ్మలూ,

పిల్లల సైకియాట్రీలో డీఎం చదువు అయిపోయింది, రాయగడలో ప్రాక్టీసు పెడతానంటున్నావు. ఇల్లెక్కడ తీసుకోవాలి, ఫీజెంత పెట్టాలి అని అడిగావు. అవి మీ అత్తయ్య చెబుతుంది. నేను చెప్పేది కేసు షీటు గురించి. మన వైపు పిల్లలకి మందు తప్పు పడడం కన్నా జబ్బు పేరు తప్పు పడడమే ఎక్కువ చేటు. మందు ఆపేస్తే ఒంట్లోంచి దిగిపోతుంది. "బుద్ధిమాంద్యం" అని డాక్టరు రాసిన కాగితం బడి రిజిస్టర్లోకీ, సర్టిఫికెట్లోకీ, చివరికి పెళ్లి సంబంధాల్లోకీ వెళ్తుంది. ఆ పేరు రాసేముందు ఏమేం తేల్చుకోవాలో చెబుతాను.

మొదట వయసు. ఆధార్ కార్డు తేదీని నమ్మకు. బళ్లో చేర్చేనాడు హెడ్మాస్టరు వేసిన తేదీయే అందులోకి ఎక్కి ఉండొచ్చు. జనవరి 1, జూన్ 1 కనబడితే అనుమానించు. టీకాల కార్డు ఉంటే అది చూడు. లేకపోతే తుఫాన్లు పట్టుకో: ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. "తిత్లీ నాటికి బిడ్డ ఒళ్లో ఉన్నాడా, పాకుతున్నాడా, నడుస్తున్నాడా?" అని అడిగితే తల్లికి ఠక్కున గుర్తొస్తుంది. ఇంత పట్టింపు ఎందుకంటే, తెలివితేటలు కొలిచే బినే-కామత్ పరీక్షలో మానసిక వయసుని అసలు వయసుతో భాగించి వందతో గుణిస్తాం. నిజానికి ఆరేళ్లున్న బిడ్డకి కాగితం మీద ఎనిమిదేళ్లుంటే, ఏ లోపమూ లేనివాడు కూడా 75 దగ్గర తేలతాడు. నిలకడ, ఏకాగ్రత లేని జబ్బు ఏడీహెచ్‌డీకీ ఇదే చిక్కు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షల పైచిలుకు పిల్లల మీద చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. ఒకే తరగతిలో జనవరిలో పుట్టినవాళ్లతో పోలిస్తే డిసెంబరులో పుట్టిన మగపిల్లలకి 30 శాతం, ఆడపిల్లలకి 70 శాతం ఎక్కువగా ఆ పేరు పడింది. పదకొండు నెలల తేడాకే అక్కడ అంతైతే, రెండేళ్లు దొర్లిపోయే మన రిజిస్టర్ల సంగతి నువ్వే ఊహించు.

తర్వాత ఒళ్లు. "మాటలు రాలేదు" అని తెచ్చిన ప్రతి బిడ్డకీ ఆటిజం ప్రశ్నావళి తీయకముందే చెవి పరీక్ష కావాలి. చప్పట్లు కొడితే తిరిగాడు కదా అంటారు. సన్నని స్థాయి శబ్దాలు మాత్రమే వినబడని పిల్లలు చప్పట్లకి తిరుగుతారు, మాటలోని స, శ, ఫ లాంటి సన్నని ధ్వనులు మాత్రం అందవు. లోపలి చెవిని చూసే ఓఏఈ పరీక్ష చేయించు, సందేహం ఉంటే వినికిడి నరాన్ని చూసే బెరా. జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలు చూసే డీఈఐసీ కేంద్రంలో యంత్రం పనిచేస్తోందా, నడిపే మనిషి ఉన్నాడా అన్నది బోర్డు తగిలించకముందే కనుక్కో.

"పాఠం మధ్యలో ఎటో చూస్తూ ఉండిపోతాడు" అంటే కొద్ది సెకన్లు తెలివి తప్పే అబ్సెన్స్ మూర్ఛ కావచ్చు. మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదిలిస్తే చాలాసార్లు నీ ఎదుటే వస్తుంది. కానీ మన వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఎక్కువ. ఆ జబ్బున్న పిల్లలతో ఈ పరీక్ష చేయించకూడదు. మెదడులో రక్తనాళాలు బిగుసుకుని పక్షవాతం రావచ్చు. ముందు సికిలింగ్ టెస్టు, అది పాజిటివ్ అయితే ఖాయం చేసే హెచ్‌పీఎల్‌సీ రక్తపరీక్ష, ఆ తర్వాతే ఊపిరి పరీక్ష. సికిల్ సెల్ పిల్లల్లో పైకి ఏ లక్షణమూ లేకుండా మెదడులో చిన్న చిన్న దెబ్బలు తగులుతుంటాయి. నిరుడు బాగా చదివినవాడు ఈ ఏడు లెక్కల్లో పడిపోతే దాన్ని మనసు మీదకి తోసేయకు. మెదడుకెక్కిన మలేరియా ఎప్పుడైనా వచ్చిందా, ఎన్నాళ్లు తెలివి లేకుండా ఉన్నాడు అని అడిగి రాసుకో. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్ సరేసరి.

ఇంకోటి. నిన్నటిదాకా బాగున్న బిడ్డ ఒక్కరోజులో ప్రవర్తన మారి, వాంతులు చేసుకుని, మగతగా ఉంటే అది మన కేసు కాదు, అత్యవసర కేసు. 2016లో మల్కన్‌గిరిలో వందమందికి పైగా పిల్లలు పోయారు. మొదట అందరికీ జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (దోమల వల్ల వచ్చే మెదడువాపు) అనే పేరే వేశారు. కొందరికి అది నిజం. మిగిలినవాళ్లని చంపింది కసివింద గింజలు, ఒడియావాళ్లు బొణొ చకుండా అనేవి. వాళ్లు ఏం తిన్నారని ముందే అడిగి ఉంటే నిపుణుల కమిటీ వచ్చేదాకా ఆగాల్సిన పని ఉండేది కాదు.

భాష విషయంలో ఇంకా నెమ్మదిగా వెళ్లు. ఇంట్లో కొంధుల భాష కువి, బళ్లో ఒడియా, దుకాణం దగ్గర తెలుగు మాట్లాడే బిడ్డకి నువ్వు ఏ భాషలో పరీక్ష పెడతావు? కోపమొస్తే ఏ భాషలో తిడతాడో అడుగు, అది వాడి సొంత భాష. మన తెలుగిళ్లలోనూ అంతే. ఇంట్లో తెలుగు, చదువు ఒడియా మీడియం. అక్షరాలు తారుమారు చేస్తున్నాడని ఎనిమిదేళ్లు నిండకుండా ఎస్‌ఎల్‌డీ (చదవడం, రాయడంలో లోపం) అని రాయకు. మాటలతో పనిలేని పరీక్షలు, ఆకారాల ముక్కలు గుంటల్లో అమర్చే సెగాన్ ఫాంబోర్డు లాంటివి, పక్కన పెట్టుకో. రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలడో కొలిచే వైన్‌లాండ్ వాడేటప్పుడు ఊరి జీవితాన్ని బట్టి అడుగు. ఫోన్ చేయడం రాకపోవచ్చు, మేకల్ని లెక్కపెట్టి తోలుకొస్తాడేమో.

దుబాసీగా అక్కనో, హాస్టల్ వార్డెన్‌నో కూర్చోబెట్టకు. అక్క ఇంటి పరువు కాపాడుతుంది, వార్డెన్ తన ఉద్యోగం కాపాడుకుంటాడు. ఆ ఊరి ఆశా దీదీ మంచిదే, కానీ సాయంత్రానికి సంగతి ఊరంతా పాకుతుంది. వేరే బ్లాకు నుంచి ఇద్దరు ఆడవాళ్లని వెతికి, డబ్బిచ్చి, వారం రోజులు శిక్షణ ఇవ్వు. "బాగానే ఉన్నానంటున్నాడు" అని సారాంశం చెప్పకూడదు, బిడ్డ అన్నది అన్నట్టు, వాక్యం వెంట వాక్యం చెప్పాలి.

ఒక్కరి మాట మీద పేరు పెట్టకు. 1987లో అమెరికా మనస్తత్వవేత్త ఆకెన్‌బాక్ బృందం ఎన్నో అధ్యయనాలు కలిపి చూస్తే, బిడ్డని వేర్వేరు చోట్ల చూసే పెద్దల మాటలు, పూర్తి పొంతనని 1 అనుకుంటే, 0.28 మేరకే కలిశాయి. వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు, బిడ్డ ఒక్కో చోట ఒక్కోలా ఉంటాడు. ఆశ్రమ పాఠశాల పిల్లలైతే అమ్మానాన్నలు సెలవుల్లోనే చూస్తారు. వంటమనిషిని అడుగు, చాలామంది టీచర్లకన్నా ఆవిడకే ఎక్కువ తెలుసు. హాస్టల్లోనే పక్క తడుపుతాడా, ఇంటి దగ్గరా? రాత్రి మరుగుదొడ్డి ఎంత దూరం, దీపం ఉందా? ఈ రెండూ అడిగాకే పక్క తడపడానికిచ్చే ఇమిప్రమిన్ మందు గురించి ఆలోచించు.

ఇన్నీ చూశాక కూడా పేరు పక్కన "తాత్కాలికం" అని రాసి, తిరిగి చూసే తేదీ వెయ్యి. ఐదేళ్లలోపు వాళ్లకి ఆరు నెలలు, అంతకన్నా పెద్ద పిల్లలకి ఏడాది. అమెరికాలో 1994-95 నుంచి 2002-03 మధ్య పిల్లలకి బైపోలార్ (ఉన్మాదం, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు) అని రాసిన ఓపీ సందర్శనలు 40 రెట్లు పెరిగాయి. పిల్లలు మారలేదు, పేరు హద్దు జరిగింది. 2013లో అమెరికా మానసిక జబ్బుల పట్టిక డీఎస్‌ఎం-5లో ఎప్పుడూ చిరాకు, కోపంతో ఉండే పిల్లలకి డీఎండీడీ అని కొత్త పేరు పెట్టి ఆ వరద ఆపాలని చూశారు.

కేసు షీటులో బిడ్డ భవిష్యత్తు గురించి వాక్యం రాసేముందు కలం ఆపు. 1944లో ఆటిజం మీద తన పేరుతో నిలిచిన వ్యాసం రాసిన పిల్లల డాక్టరు హాన్స్ ఆస్పెర్గర్, వియన్నాలోని తన క్లినిక్ నుంచి ఒక పసిపిల్లని నాజీలు వైకల్యమున్న పిల్లల్ని చంపించిన ష్పీగెల్‌గ్రుండ్ ఆసుపత్రికి పంపుతూ ఈ బిడ్డ తల్లికి మోయలేని భారం అన్న అర్థం వచ్చేలా రాశాడు. ఆ చోట దాదాపు 800 మంది పిల్లలు చనిపోయారు. ఈ కాగితాలు బయటపెట్టిన చరిత్రకారుడు హెర్విగ్ చెక్ పరిశోధన వచ్చింది 2018లో. నువ్వు రాసే ప్రతి షీటులో బిడ్డ ఏం చేయలేడో రాసినంత మేర ఏం చేయగలడో కూడా ఉండాలి. అది మర్యాద కోసం కాదు. తర్వాత చూసే డాక్టరు అక్కడ నుంచే మొదలుపెడతాడు.

మందుల గురించి నీకు చెప్పనక్కర్లేదు, ఇక్కడి చిక్కులు మాత్రం చెబుతాను. ఏడీహెచ్‌డీకిచ్చే మిథైల్‌ఫెనిడేట్ పొద్దున్న 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టే ముందు నాడి, బీపీ, ఎత్తు, బరువు రాయి. అది షెడ్యూల్ ఎక్స్ మందు, చీటీ రెండు ప్రతులు కావాలి, ఒకటి షాపువాడు ఉంచుకుంటాడు. ఊళ్లో ఎవరి దగ్గర దొరుకుతుందో తెలియకుండా రాస్తే నెల తిరక్కుండా ఆపేస్తారు. తీవ్రమైన చిరాకు, దూకుడుకిచ్చే రిస్పెరిడోన్ 20 కిలోల లోపు 0.25, పైన 0.5 మిల్లీగ్రాములు. నెలనెలా బరువు తూచు. రొమ్ము వాపు గురించి నువ్వే అడుగు, పన్నెండేళ్ల మగపిల్లాడు తనంతట చెప్పడు. ఆడపిల్లలకి మూర్ఛ మందు వాల్‌ప్రోయేట్ వీలైనంతవరకు రాయకు, కడుపులో బిడ్డకి చేటు. "వయసొచ్చాక మారుద్దాంలే" అనుకుంటే, పెళ్లై గర్భం వచ్చాకే నీ దగ్గరికి తిరిగొస్తుంది. డిప్రెషన్‌కి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందు రాస్తే మొదటి నెల వారం వారం చూడు, వీలు కాకపోతే ఫోన్ చెయ్యి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ఆత్మహత్య ఆలోచనల గురించి 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందు కాగితం మీద నల్లగీతల గడిలో పెట్టించిన హెచ్చరిక ఊరికే రాలేదు.

వైకల్య సర్టిఫికెట్ల దగ్గరే నీ మీద ఒత్తిడి ఎక్కువ. ఆటిజం కొలిచే మన దేశపు పరీక్ష ఐఎస్‌ఏఏలో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 40 నుంచి 200. 70 లోపైతే ఆటిజం కాదు. పింఛనుకీ రిజర్వేషన్‌కీ 40 శాతం వైకల్యం గీత ఉండడం వల్ల ఆ గీతకి కింద ఆగినవాళ్ల తరఫున ఫోన్లు వస్తాయి. నా అభిప్రాయం: నీ దగ్గర చికిత్సలో ఉన్న బిడ్డకి శాతం నువ్వు వేయకు, బోర్డులో వేరే డాక్టరుకి వదిలేయి. లేకపోతే బిడ్డ మెరుగైన రోజున ఆ మాట నీకు చెప్పడానికి తల్లి భయపడుతుంది.

పెద్దపిల్లలతో ఒంటరిగా మాట్లాడేటప్పుడు "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకు. "నీకు ప్రమాదం ఉందనిపిస్తే చెప్పాల్సి వస్తుంది, నీకు చెప్పాకే చెబుతాను" అను. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చనిపించినా పోలీసుకి చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఊరి పెద్దలు రాజీ చేశామన్నా వినకు. బిడ్డ మాటలు బిడ్డ భాషలోనే, కొటేషన్లలో రాయి. మళ్లీ మళ్లీ చెప్పించకు.

అడ్మిషన్ అవసరమైతే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 87వ సెక్షన్ తీసి ముందు పెట్టుకో: ఇద్దరు సైకియాట్రిస్టులు, లేదా ఒక సైకియాట్రిస్టుతో పాటు మరో మానసిక వైద్య నిపుణుడో డాక్టరో విడివిడిగా చూడాలి. పెద్దల వార్డులో పడుకోబెట్టకూడదు. 72 గంటల్లో మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి తెలియజేయాలి. రాయగడలో రెండో సంతకం ఎవరిదో ముందే మాట్లాడి పెట్టుకో.

నీ దగ్గరికి వచ్చేలోపు దిసారినో, గుణియానో, బేజుణినో, అంటే ఊరి మంత్రవైద్యుల్ని చూసే వస్తారు. పొట్ట మీద వాతలుంటే ఎక్కడెక్కడ, ఎంత పొడవు అని బొమ్మ గీసి రాయి, పుండుకి మందు వెయ్యి, మళ్లీ కాల్చొద్దని గట్టిగా చెప్పు. కసురుకుంటే రెండోసారి రారు. తాయెత్తు విప్పమనకు, దాని వల్ల ఏ మందూ చెడదు.

ఇక పరిశోధన. నియమగిరి కొండల్లోని డోంగ్రియా కొంధు పిల్లల మీద పేపరు రాస్తానన్నావు. ఆ చుట్టుపక్కల పిల్లల మానసిక వైద్యం నువ్వొక్కదానివే అయినప్పుడు, నువ్వడిగితే కాదనగలిగేదెవరు? అందుకే సమ్మతి నువ్వు అడగకూడదు. ఓపీతో సంబంధం లేని మనిషి అడగాలి. ఫారం మొదటి వాక్యం "కాదన్నా వైద్యం ఆగదు" అనే ఉండాలి. వేలిముద్ర వేస్తే పక్క సాక్షి ఆసుపత్రి మనిషి కాకూడదు. ఏడేళ్లు దాటిన బిడ్డ ఒప్పుకోలు కూడా కావాలని మన దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతాయి, పెద్దపిల్లలకైతే రాతలో. ఊరి పెద్ద అనుమతి మర్యాద, తల్లిదండ్రుల సమ్మతికి బదులు కాదు. 2013లో నియమగిరి గనులకి 12 గ్రామసభలు వరసగా వద్దన్నాయి. అర్థమయ్యేలా అడిగితే తేల్చి చెప్పే జనం వాళ్లు. నీకు "సరే, సరే" అనే జవాబులే వస్తుంటే అడిగిన తీరులోనే ఏదో తేడా ఉంది.

1998లో బ్రిటన్ డాక్టరు వేక్‌ఫీల్డ్ ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ 12 మంది పిల్లలతో రాసిన వ్యాసాన్ని 2010లో లాన్సెట్ పత్రిక వెనక్కి తీసుకుంది. పోలిక కోసం తన కొడుకు పుట్టినరోజు పార్టీకొచ్చిన పిల్లలకి ఐదేసి పౌండ్లిచ్చి రక్తం తీయించాడని బ్రిటన్ మెడికల్ కౌన్సిల్ తేల్చింది. పిల్లల డిప్రెషన్‌కి పారోక్సిటిన్ పనిచేస్తుందని 2001లో వచ్చిన స్టడీ 329ని అవే లెక్కలతో 2015లో తిరగేస్తే మందు పనిచేయలేదు, హాని మాత్రం కనబడింది. నీ ముడి లెక్కలు ఇంకొకరు తిరగేసేలా దాచు. కానీ ఊరు, కులం, వయసు మూడూ ఒకే వరసలో అచ్చు వేయకు. ముప్ఫై గడపల ఊళ్లో "తొమ్మిదేళ్ల బాలిక" అంటే ఎవరో అందరికీ తెలుసు. ఫొటో అసలే వద్దు, కళ్ల మీద నల్లపట్టీ వేసినా గుర్తుపడతారు.

సమ్మతి ఫారం ఒడియాలో రాయించి, కువిలో చెప్పించి రికార్డు చెయ్యి. దాన్ని అసలు ఫారం చూడని ఇంకో మనిషి చేత తెలుగులోకి తిరిగి చెప్పించు. ఎక్కడెక్కడ తేడా వచ్చిందో గీతలు గీసి ఆ రెండు కాగితాలూ నాకు పంపు, ఎథిక్స్ కమిటీకి తర్వాత పెడుదువుగాని. ఫాలోఅప్ ఓపీ బిస్సంకటక్ వైపు కూడా పెట్టేటట్టైతే బుధవారం పెట్టు, చాటికొన సంతకి డోంగ్రియాలు ఎలాగూ కొండ దిగి వస్తారు.

మీ పెద్ద మావయ్య