డబ్బులు వాళ్లే ఇస్తున్నారు, మరి అక్కడ ఏం చూడాలి?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. హైదరాబాద్‌లో బీఎఫ్ఏ పెయింటింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒక ట్రస్టు వాళ్లు నన్ను మూడు వారాలు ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు పంపిస్తున్నారు. టికెట్, గది, రోజు ఖర్చు అన్నీ వాళ్లవే. ఒక్కదాన్ని ఎట్లా పంపాలని అమ్మ భయపడుతోంది. నాకేమో ఇంగ్లీషు అంతంత మాత్రం. తిరిగొచ్చాక ఏం నేర్చుకున్నావని అడిగితే ఏం చెప్పాలో అని ఇప్పటి నుంచే టెన్షన్. మీరూ ఇట్లాగే వెళ్లొచ్చారట కదా, కొంచెం చెప్పండి.
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: చాలా సంతోషం బిడ్డా. ముందు డబ్బు సంగతి. అన్నీ వాళ్లవే అన్నారు సరే, ఎప్పుడిస్తారో అడిగావా? నాకు మొదటి విడత నేను అక్కడ దిగిన పదకొండు రోజులకు వచ్చింది, అప్పటిదాకా మా అన్న మహబూబ్‌నగర్‌లో అప్పు తెచ్చి పంపిన డబ్బుతోనే గడిపాను. ఏది ముందే ఇస్తారు, ఏది బిల్లులు చూపిస్తే ఇస్తారు, వీసా ఫీజు ఎవరు కడతారు, ఇవన్నీ కాగితం మీద రాయించుకో. ఇటలీకి వెళ్లడానికి నువ్వు తీసుకోవాల్సిన షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, కాబట్టి చివరి దాకా ఆగకు.

ఇంగ్లీషు గురించి అంత బెంగ వద్దు. అక్కడి వాళ్లకూ అది సొంత భాష కాదు. అమ్మ భయం తీరాలంటే ట్రస్టులో నీ పని చూసే మనిషితో ఆమెను ఒకసారి ఫోన్‌లో మాట్లాడించు, నువ్వు చెప్పే వంద మాటల కన్నా అది పని చేస్తుంది. అటుకులు, కారప్పొడి కట్టిస్తే పట్టుకెళ్లు. నెయ్యి, మాంసం పచ్చడి మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తేనివ్వరు.

ఇక అసలు విషయం. మొదటి వారం నేను చేసిన పొరపాటు నువ్వు చేయకు. మళ్లీ వస్తామో రామో అని పొద్దున్నుంచి రాత్రిదాకా మ్యూజియంల వెంట పరుగెత్తాను, ఫోన్ నిండా ఫొటోలు తీశాను. ఒక రాత్రి గదిలో కూర్చుని చూసుకుంటే ఏ బొమ్మ ఎక్కడ చూశానో నాకే తెలియలేదు, ఏడుపొచ్చింది.

మర్నాడు శాంతా మరియా దెల్ కార్మినే చర్చిలోని బ్రాంకాచీ చాపెల్ అనే చిన్న ప్రార్థన గదికి వెళ్లాను. మసాచ్చో అనే చిత్రకారుడు 1420లలో గోడ మీద వేసిన ఆదాము, అవ్వల బొమ్మ ఉందక్కడ, ఇద్దరినీ తోటలోంచి వెళ్లగొడుతున్న బొమ్మ. దాన్ని గీస్తూ కూర్చుంటే తెలిసింది, అవ్వ కళ్లు రెండూ రెండు నల్లని మరకలే. కనుపాప లేదు, రెప్ప లేదు. అయినా ఆ ఏడుపు నోరు తెరుచుకుని మన మీదికే వస్తుంది. ఆదాము రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు, కడుపు లోపలికి పీక్కుపోయింది, వెక్కిళ్లు అక్కడ కనబడతాయి. ఫొటోల్లో వందసార్లు చూసినా ఇదేదీ నా కంట పడలేదు, పెన్సిల్ పట్టుకున్నాకే పడింది.

అది ఫ్రెస్కో. తడి సున్నం మీద నీళ్లలో కలిపిన రంగు వేస్తారు, సున్నం గాలికి గట్టిపడేటప్పుడు రంగు అందులోనే ఉండిపోతుంది. ఆరేలోపు పని అయిపోవాలి కాబట్టి ఆ రోజుకు ఎంత వేయగలరో అంత మేరకే సున్నం పూస్తారు. ఆ ఒక్కరోజు పనిని జోర్నాటా అంటారు. ఒక్కోచోట నిన్నటి పూతకూ ఇవాళ్టి పూతకూ మధ్య అతుకు కూడా తెలుస్తుంది. వనపర్తిలో మా తాత గానుగలో డంగు సున్నం ఆడించి గచ్చు వేయించడం చిన్నప్పుడు చూశాను, అందుకే ఫ్రెస్కో గురించి అక్కడి వాళ్లు చెప్పింది నాకు వెంటనే అర్థమైంది. మన ఊళ్లలో సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీ ఎవరైనా ఉంటే వెళ్లే ముందే మాట్లాడు.

శాన్ మార్కో మఠం కూడా వదలకు. అక్కడ ఫ్రా ఆంజెలికో అనే సన్యాసి చిత్రకారుడు తోటి సన్యాసుల గదుల్లో గదికొకటి చొప్పున బొమ్మలు వేశాడు. ఉఫీజీ అనే పెద్ద మ్యూజియంకు సోమవారం సెలవు. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలు ఉచితం, కానీ ఆ జనంలో గీయడం కుదరదు, ఇంకో రోజు చూసుకో.

మూడు వారాల్లో నాలుగైదు బొమ్మలు చాలు నా మాటగా. ఒక్కోదాని ముందుకు మళ్లీ మళ్లీ వెళ్లి గీయి. తిరిగొచ్చాక ఎవరైనా అడిగితే ఆ బొమ్మలు గీసిన పుస్తకం తెరిచి చూపించు.

ఇంకా టైముంది కదా, ఈ లోపు నల్లగొండ పక్కనున్న పానగల్లు వెళ్లు. పచ్చల సోమేశ్వరాలయం రాళ్ల మీద రామాయణ, భారత కథలున్నాయి. ఒక్క స్తంభం ముందు రెండు రోజులు కూర్చో, చేతికి, కంటికి అలవాటవుతుంది. చాలా మ్యూజియంలలో పెన్సిల్ తప్ప ఇంకు, రంగులు తీయనివ్వరు, అందుకే మెత్తని పెన్సిళ్లు ఎక్కువ పెట్టుకో. వాటిని చెక్కే చాకు మాత్రం చేతిసంచిలో వద్దు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. పెద్ద బ్యాగులో వేసుకో.