నేల ఉసిరి పసరు ఇవ్వొచ్చా అంటే, మా పెద్దనాన్న సంగతి చెబుతాను

మీ నాన్నగారికి లివర్ క్యాన్సర్ మాత్రలు వాడుతూనే, బలానికి నేల ఉసిరి పసరు, తిప్పతీగ కషాయం కూడా ఇవ్వొచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. అంబాజీపేట దగ్గర మా పెద్దనాన్నకి సరిగ్గా ఇదే చేశాం కాబట్టి రాస్తున్నాను.

ఆయనకి లివర్‌ని పట్టే వైరస్ జబ్బు హెపటైటిస్ బి పాతదే. దానితో లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్, ఆ తర్వాత క్యాన్సర్. సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మాత్ర మొదలైన వారానికే చుట్టాలొకరు పసరు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. పెద్దమ్మ తెల్లారకుండానే కొబ్బరితోటలో బోదె పక్కన మొక్క పీకి, రెమ్మ తిప్పి అడుగున వరసగా బుల్లి ఉసిరికాయలు ఉన్నాయో లేదో చూసుకుని, రోట్లో నూరి మజ్జిగలో కలిపి పరగడుపున ఇచ్చేది. ఆ గట్టు మీద గడ్డిమందు ఎప్పుడు కొట్టారో ఎవరూ అడగలేదు.

నన్నడిగితే ఆకు కంటే పత్యమే ఎక్కువ దెబ్బ తీసింది. పప్పు, గుడ్డు, చేప అన్నీ బంద్. నలభై రోజులు చారన్నమే. చేతి గడియారం మోచేతి దాకా జారేది. పత్యం డాక్టర్లూ చెబుతారు, పొట్టలో నీరుంటే ఉప్పు తగ్గించమంటారు, కానీ సిర్రోసిస్ మనిషికి మాంసకృత్తులు మానిపిస్తే కండే కరిగిపోతుంది.

తర్వాత రక్తం టెస్టులో బిలిరుబిన్ (లివర్ సరిగా పనిచేయకపోతే పెరిగే పచ్చ పదార్థం) రెట్టింపైంది. డాక్టరుగారు గుచ్చి అడిగితే పెద్దమ్మ "ఆకుపసరే కదండీ, దానివల్ల ఏమవుద్దండీ" అంది. మాత్ర పడలేదా, జబ్బు ముదిరిందా, పసరు చేసిందా అన్నది తేలక ఆయన రెండూ ఆపించారు. మూడు వారాలు క్యాన్సర్ మందు లేకుండా గడిచాయి. కారణం ఇప్పటికీ తెలియదు.

నేల ఉసిరి మీద నమ్మకం ఊరికే రాలేదు. 1988లో మద్రాసు అధ్యయనంలో 37 మందిలో 22 మందికి రక్తంలో హెపటైటిస్ బి యాంటిజెన్ (వైరస్ ఉందని చూపే గుర్తు) కనబడకుండా పోయిందని వచ్చింది. తర్వాత వేరేచోట్ల చేస్తే ఆ ఫలితం రాలేదు. పైగా అది వైరస్ సంగతి, క్యాన్సర్ గడ్డ సంగతి కాదు. తిప్పతీగ అయితే నేను వద్దనే అంటాను. 2020లో అది వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో బయటపెట్టారు. అది వేరే తీగ అయి ఉంటుందని ఆయుష్ శాఖ అంది. సరే, మన కంచె మీద పాకిందేదో మనకి మాత్రం తెలుసా?

ఇంట్లో ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే దాచకండి. ఆ ఆకు, పొడి, సీసా ఏదైనా మందుల కవర్లోనే పెట్టి డాక్టరుకి చూపించండి.

మాత్ర మళ్ళీ తక్కువ డోసుతో మొదలయ్యాక, డైటీషియన్ చెప్పినట్టు రాత్రి పడుకోబోయే ముందు పాలు, రెండు ఇడ్లీలు పెట్టేవాళ్ళం. వికారానికి అల్లం టీ మాత్రం డాక్టర్ని అడిగే ఇచ్చాం. పెద్దనాన్నకి అదొక్కటే నచ్చింది, పంచదార ఇంకో చెంచా వెయ్యమనేవారు.